పాత బండికి ఏ పెట్రోలు?

(మన సంఘ సభ్యుల మాస గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ వేదికపై పోతన కవిత్వమును గూర్చియో, త్యాగరాజస్వామి కృతులను గూర్చియో ప్రసంగములు జరుగుట ఆచారము. ఈ మాసము మాత్రము కార్యదర్శిగారు, "సంసారులకు పనికివచ్చు విషయమేదైన చెప్పుడు" అని నన్ను కోరినారు. నేను ఇంజనీరును కాను. బి.ఏ.లో చరిత్ర, తెలుగు చదివి సచివాలయములో ఫైళ్లు వ్రాయుచున్నవాడను. కాని ఫైలు వ్రాయువానికి ఒక అభ్యాసము అబ్బును. ప్రశ్న యేమి, దానికి సంబంధించిన వాస్తవము లేమి, ఖర్చెంత, తుదకు చేయవలసిన దేమి అని వరుసగా చూచుకొనుట ఆ అభ్యాసము. ఆ పద్ధతిలోనే ఈ విషయమును మీ ముందు పెట్టుచున్నాను.

మన క్వార్టర్ల ఆవరణలో సాయంకాలము ఒక్కసారి తిరిగి చూచినచో, కొత్త కార్ల నడుమ పాతవి కూడ తక్కువగా కనబడవు. ఉద్యోగము వచ్చిన కొత్తలో కొన్నవి కొన్ని. పదవీ విరమణ చేసిన పై అధికారి యొద్ద చౌకగా తీసికొన్నవి కొన్ని. రాజమండ్రిలోనో, కర్నూలులోనో తండ్రిగారు వాడి, కుమారున కిచ్చినవి కొన్ని. ఇట్టి బండిని పెట్రోలు బంకునకు తోలుకొనిపోగానే అక్కడి కుర్రవాడు, "సాధారణమా, ప్రీమియమా?" అని అడుగును. వెనుక కార్లు బారులు తీరి హారను మ్రోగించుచుండును. ప్రక్కన కూర్చున్న గృహిణి, "పాత బండి గదా, మంచిదే పోయించండి" అనును. ఆ మాటలో ప్రేమ కలదు. ముసలివారికి మంచి ఆహార మిత్తుము గదా, ముసలి బండికి మాత్ర మేల ఈయరాదు అను భావము అందున్నది. ఈ ఉపమానము ఇంజనునకు వర్తించునా లేదా అనునదే నేటి ప్రశ్న.

మొదట ఆక్టేను అను మాటకు అర్థము తెలిసికొందము. పెట్రోలు ఇంజనులో గాలియు, పెట్రోలు ఆవిరియు కలిసిన మిశ్రమమును పిస్టను పైకి నొక్కును. నొక్కుడు పూర్తియగు సమయమున స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ నిచ్చును. ఆ రవ్వ యొద్ద పుట్టిన మంట క్రమముగా వ్యాపించి పిస్టనును క్రిందికి త్రోయును. ఇది సక్రమమైన దహనము. కాని ఏ వాయువునైనను గట్టిగా నొక్కినచో అది వేడెక్కును. సైకిలు పంపు కొట్టిన వారందరకు ఆ సంగతి తెలియును. మిశ్రమము మితిమీరి వేడెక్కినచో, మంట తన చెంతకు రాకముందే మూలనున్న భాగము తనంత తానే భగ్గుమనును. అప్పుడు ఇంజనులో కటకటమని, గోళీలు డబ్బాలో వేసి కదిపినట్లు చప్పుడగును. మెకానిక్కులు దీనిని నాకింగు అందురు. ఇది చాలకాలము సాగినచో పిస్టను తలలు కరగును, రింగులు విరుగును, హెడ్డు గాస్కెట్టు కాలిపోవును.

ఈ తొందరపాటు మంటను పెట్రోలు ఎంతవరకు తట్టుకొనగలదో తెలుపు అంకెయే ఆక్టేను అంకె. 1926లో అమెరికాలో గ్రాహం ఎడ్గార్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దీనికి కొలబద్దను సూచించెను. ఐసో ఆక్టేను అను ద్రవము బాగుగా తట్టుకొనును కనుక దానికి 100. హెప్టేను అను ద్రవము ఏమాత్రము తట్టుకొనలేదు కనుక దానికి సున్న. ఒక పెట్రోలు అంకె 91 అనగా, 91 పాళ్లు ఐసో ఆక్టేను, 9 పాళ్లు హెప్టేను కలిపిన మిశ్రమముతో సమానముగా అది నిలబడునని భావము. ఇంతకు మించి ఆ అంకెలో మరే మహిమయు లేదు. బలమును, మైలేజిని, స్వచ్ఛతను అది కొలువదు. లీటరు 91 ఆక్టేను పెట్రోలులోను, లీటరు 95 ఆక్టేను పెట్రోలులోను ఉన్న ఉష్ణశక్తి యించుమించు ఒక్కటే.

ఇక్కడ అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. "మా యూరిలో 87 పోయించుచున్నాము, మీరు 91 పోయించుచున్నారు, మీ పెట్రోలే మేలు" అని వారు ఫోనులో చెప్పుదురు. అది కొలతలోని భేదము. మన దేశమున రిసెర్చి పద్ధతిని వచ్చిన అంకెను చెప్పుకొందుము. పరీక్షా యంత్రమును నిమిషమునకు 600 చుట్లు త్రిప్పి చూచు పద్ధతి అది. 900 చుట్లు త్రిప్పి, మరింత వేడిమిలో చూచునది మోటారు పద్ధతి. అందులో అంకె తక్కువగా వచ్చును. అమెరికా వారు ఈ రెంటి సగటును పంపు మీద వ్రాయుదురు. కాబట్టి వారి 87 మన 91కి దరిదాపుగా నుండును. ఊరు మారినప్పుడు అంకెను గాక, ఆ అంకెను కొలిచిన పద్ధతిని చూడవలెను.

ఇక చరిత్ర కొంచెము చెప్పక తప్పదు. పాత బండ్ల కథ అందులోనే ఉన్నది. 1921లో జనరల్ మోటార్స్ పరిశోధనాలయమున థామస్ మిడ్జ్‌లీ, సీసముతో కూడిన ఒక ద్రవమును పెట్రోలులో రవంత కలిపినచో నాకింగు తగ్గునని కనుగొనెను. అప్పటినుండి ప్రపంచమంతట సీసపు పెట్రోలు వ్యాపించెను. ఆక్టేను పెరిగినది, కాని పొగతో సీసము గాలిలో చేరి, పసిపిల్లల మెదడునకు చేటు తెచ్చెను. మన దేశమున 1995 ఏప్రిలులో నాలుగు మహానగరములలో సీసములేని పెట్రోలు ప్రవేశపెట్టిరి. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతట సీసపు పెట్రోలు నిలిచిపోయెను. ప్రపంచములో చిట్టచివర 2021లో అల్జీరియా దానిని మానినది.

సీసము వలన పాత ఇంజనులకు ఒక ఉపకారము కూడ జరుగుచుండెడిది. ఎగ్జాస్టు వాల్వు కూర్చుండు పీటపై సన్నని పూతగా ఏర్పడి అరుగుదలను ఆపెడిది. అంబాసిడరు వంటి పాత బండ్లలో ఆ పీటలు మామూలు పోత ఇనుముతో చేసినవి. సీసము పోయిన పిమ్మట, ఎక్కువ వేగముతో ఎక్కువ దూరము నడిపినచో అవి అరుగు నవకాశము కలదు. దీనికి మందు గట్టి లోహపు పీటలను అమర్చుట. ఖరీదైన పెట్రోలులో సీసము లేదు కనుక, దానిని పోసినందున ఈ అరుగుదల ఆగదు. ఈ విషయము అంబాసిడరు, పద్మిని ఉన్నవారు ముఖ్యముగా గమనింపవలెను.

మన తెలుగువారికి పెట్రోలు శుద్ధితో సంబంధము పాతది. విశాఖపట్టణములో కాల్టెక్స్ వారి శుద్ధి కర్మాగారము 1957లో వెలసెను. తరువాత అది ప్రభుత్వపరమై హిందుస్థాన్ పెట్రోలియము వారి చేతికి వచ్చెను. శుద్ధి విధానములు బాగుపడినకొలది సాధారణ పెట్రోలు అంకెయు పెరుగుచు వచ్చినది. ఒకప్పుడు 88 ఉండెడిది. తరువాత 91 కనీస మైనది. గంధకము సంగతియు అట్టిదే. భారత్ స్టేజి 3లో పదిలక్షల పాళ్లకు 150 వరకు అనుమతింపగా, 4లో 50, 2020 ఏప్రిలు నుండి దేశమంతట అమలునకు వచ్చిన 6లో 10 మాత్రమే. అనగా మీ తండ్రిగారు ఆ బండిని కొన్ననాడు దొరికిన పెట్రోలు కంటె నేటి సాధారణ పెట్రోలు అన్ని విధముల శుభ్రమైనది, ఆక్టేనులో మించినది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఏ ఇంజనునకు ఎంత ఆక్టేను కావలెను? ఇది ముఖ్యముగా కంప్రెషను నిష్పత్తిని బట్టి యుండును. మిశ్రమమును ఎన్నవ వంతునకు నొక్కుచున్నామో తెలుపు అంకె అది. అంబాసిడరు, పద్మిని వంటి పాత ఇంజనులలో అది ఎనిమిదికి అటు నిటుగా నుండును. మారుతి 800లో తొమ్మిదికి లోపల. నేటి కొత్త ఇంజనులలో పది మొదలు పదమూడు వరకు కలదు. పైగా కొన్నింట టర్బో యంత్రము గాలిని ముందే నొక్కి పంపును. గట్టిగా నొక్కు ఇంజనునకు ఓర్పుగల పెట్రోలు కావలెను. మెల్లగా నొక్కు ఇంజనునకు ఆ ఓర్పుతో పని లేదు. లోయరు డివిజను గుమాస్తా చేయు డిస్పాచి పనికి సంయుక్త కార్యదర్శిని నియమించినచో ఉత్తరములు త్వరగా పోవు. జీతపు బిల్లు మాత్రము పెరుగును.

కొత్త బండ్లకు ప్రీమియము వలన కొంత లాభము ఉండవచ్చును, దానికి కారణమున్నది. వాటిలో నాకింగును కనిపెట్టు ఒక పరికరము కలదు. నాకింగు మొదలుకాగానే కంప్యూటరు నిప్పురవ్వను కొంచెము ఆలస్యము చేయును. ఆక్టేను ఎక్కువైనప్పుడు దానిని మరల ముందునకు జరుపుకొనును. కాబట్టి అధిక కంప్రెషను గలవియు, టర్బో గలవియు అగు కొన్ని కార్లు మంచి పెట్రోలుతో కొంచెము చురుకుగా నడచును. పాత కార్బొరేటరు బండికి ఈ తెలివి లేదు. దాని నిప్పురవ్వ సమయమును మెకానిక్కు డిస్ట్రిబ్యూటరును చేతితో త్రిప్పి ఎక్కడ నిలిపినాడో అక్కడనే యుండును. దానికి 100 ఆక్టేను పోసినను, అది తెలిసికొని తన నడక మార్చుకొనలేదు.

అయినను "మా పాత బండిలో కటకట వినబడుచున్నది, ప్రీమియము పోసినచో తగ్గుచున్నది" అను వారు కలరు. వారి మాట అబద్ధము కాదు. ఇంజను ముసలిదగుకొలది దహనపు గదిలో మసి పేరుకొనును. మసి చోటు నాక్రమించుట చేత కంప్రెషను పెరుగును. ఎఱ్ఱగా కాలిన మసి కణము మిశ్రమమును వేడెక్కించును. కొత్తనాడు అక్కరలేని ఆక్టేను, మసి పట్టిన పిమ్మట కొంత కావలసి రావచ్చును. రేడియేటరులో సున్నము పట్టి నీరు చల్లబడకున్నను, ప్లగ్గులు తగని రకమువి వేసినను, నిప్పురవ్వ ముందుకు జరిగి యున్నను, మిశ్రమములో పెట్రోలు పాలు తగ్గినను ఇదే ఫలము. కల్తీ పెట్రోలులో కిరసనాయిలు ఉన్నచో ఆక్టేను పడిపోయి ఆనాడే చప్పుడు ప్రారంభమగును.

మా విభాగమున ఒక మిత్రునికి 1996 నాటి మారుతి 800 ఉండెడిది. వేసవిలో పిల్లలతో ముస్సోరీ కొండ యెక్కుచుండగా ఇంజను ఒకటే కటకటలాడినదట. తిరిగి వచ్చినది మొదలు ఎనిమిది నెలలు ప్రీమియమే పోయించినాడు. చప్పుడు తగ్గినది గాని పోలేదు. తుదకు నెమ్మదస్థుడైన ఒక వృద్ధ మెకానిక్కు బండిని చూచి, ఎవరో పికప్పు కొరకని డిస్ట్రిబ్యూటరును ముందునకు త్రిప్పి యుంచినారని, రెండు ప్లగ్గులు వేరొక రకమువని, రేడియేటరు సగము పూడినదని చెప్పి, మూడును సరిచేసెను. మరునాటినుండి సాధారణ పెట్రోలుతోనే బండి నిశ్శబ్దముగా నడచినది. ఆ మరమ్మతునకు అయిన ఖర్చు, ఎనిమిది నెలలలో ప్రీమియమునకు ఇచ్చిన అదనపు సొమ్ములో సగము కూడ లేదు. జ్వరమునకు కారణము తెలిసికొనక చలువ పట్టీ వేయుచు కూర్చుండిన రీతి యిది. పట్టీ వలన ఉపశమనము నిజమే. రోగము లోపలనే యుండును.

ప్రీమియములో శుభ్రపరచు మందులు కలుపుదురు గదా అని మీరు అడుగవచ్చును. కలుపుదురు. ఇంజెక్టర్లమీదను, లోనికి తీసికొను వాల్వుల మీదను మడ్డి చేరకుండ అవి కాపాడును. ఇంజెక్టరు గల బండికి, అనగా 2000 సంవత్సరము తరువాత వచ్చిన పెక్కు కార్లకు, అవి కొంత ఉపయోగము. ఆ ఉపయోగమే కావలసినచో అప్పుడప్పుడు ఒక ట్యాంకు పోయించినను తప్పు లేదు. ప్రతిసారి పోయించుట కది చాలిన కారణమని నాకు తోచదు.

సోదరులారా, ఇంతవరకు చెప్పినది పదేండ్ల క్రిందట చెప్పినను ఇట్లే యుండెడిది. ఇటీవలి కాలమున ప్రశ్నయే మారిపోయినది. దానికి కారణము ఇథనాలు. చెరకు మడ్డి నుండి, మొక్కజొన్నల నుండి, నూకల నుండి తీయు ఈ ద్రవమును పెట్రోలులో కలుపుట మన దేశమున 2003లో నూటికి 5 పాళ్లతో తొమ్మిది రాష్ట్రములలో మొదలయ్యెను. అందు నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2022లో దేశమంతటి సగటు 10 పాళ్లకు చేరెను. 2023లో 20 పాళ్ల పెట్రోలు విడుదలయ్యెను. 2025 నాటికి అదియే బంకులలో సర్వసాధారణ మయ్యెను. విదేశపు ముడినూనె దిగుమతి తగ్గుట, రైతునకు గిరాకి కలుగుట దీని ఉద్దేశములు.

ఇథనాలునకు ఆక్టేను 108 దాకా కలదు. కాబట్టి 20 పాళ్లు కలిసిన సాధారణ పెట్రోలు అంకె 95కు వచ్చినదని పెట్రోలియము మంత్రిత్వశాఖ 2025లో ప్రకటించెను. ఈ మాటను కొంచెము ఆలోచింపుడు. నిన్నటివరకు ప్రీమియమునకు ఉన్న అంకె నేడు సాధారణమునకే వచ్చినది! 88 ఆక్టేనుతో తృప్తిగా నడచిన బండికి నేడు బంకులో 95 పోయుచున్నారు. ఇంకను 97, 100 కావలెనని వెదకుట దేనికి? ఆక్టేను కొరకు పాత బండివారు అదనపు రూపాయి ఈయవలసిన కాలము గడచిపోయినది.

కాని ఇథనాలు తెచ్చిన చిక్కులు వేరే కలవు. మొదటిది మైలేజి. లీటరు ఇథనాలులో ఉష్ణశక్తి పెట్రోలులో ఉన్నదానికి మూడింట రెండువంతులే. ఇథనాలు లేని పెట్రోలునకు తయారై, 10 పాళ్లకు సరిచేసిన కార్లలో 20 పాళ్ల పెట్రోలు వలన మైలేజి నూటికి 6, 7 పాళ్లు తగ్గునని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసినది. ద్విచక్ర వాహనములలో 3, 4 పాళ్లు. రెండవది కార్బొరేటరు. మిశ్రమము పలుచనై చలికాలపు ఉదయమున బండి మొరాయించును. మిశ్రమపు మరను సరిచేసినచో ఇది చాలవరకు తగ్గును. మూడవది నీరు. ఇథనాలు తేమను పీల్చును. బండిని నెలల తరబడి కదలక ఉంచినచో నీరును, ఇథనాలును కలిసి ట్యాంకు అడుగునకు దిగును. నాలుగవది, మిక్కిలి ముఖ్యమైనది, రబ్బరు.

దీనిని గూర్చి నిదానించి చెప్పుదును. ఇందులో కుటుంబపు క్షేమము ఇమిడి యున్నది. పాత బండ్ల పెట్రోలు గొట్టములు, కార్బొరేటరు లోపలి పొరలు, సీళ్లు ఇథనాలును ఎరుగని కాలమున తయారైనవి. ఆ రబ్బరు ఇథనాలులో నాని ఉబ్బును, మెత్తబడును, తరువాత బీటలు వారును. ఎండకు, ఇంజను వేడికి ఇరువదియేండ్లు కాగిన గొట్టము సంగతి చెప్పనే అక్కరలేదు. గొట్టము చెమర్చినచో పెట్రోలు బొట్టు బొట్టుగా వేడి ఎగ్జాస్టు పైననో, డిస్ట్రిబ్యూటరు దాపుననో పడును. వెనుక సీటులో పిల్లలు, పెద్దవారు కూర్చుండగా నడిరోడ్డున బానెట్టు క్రింద మంట లేచుట ఎంతటి ప్రమాదమో నేను వర్ణింపనక్కరలేదు. కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగములను ముందుగా మార్చవలసి రావచ్చునని మంత్రిత్వశాఖయు ఒప్పుకొన్నది. ఆ ఖర్చు స్వల్పమనియు చెప్పినది. స్వల్పమే. కాని ఆ స్వల్పము చేయువారెందరు?

"ప్రీమియము పోయించితిని, మా బండికి భయము లేదు" అనుకొనువారు ఇక్కడనే పొరబడుదురు. 95 ఆక్టేను ప్రీమియములో ఇథనాలు ఉండదని అనుకొనరాదు. పేరు మారినంత మాత్రమున రబ్బరునకు రక్షణ రాదు. ఏ రకములో ఇథనాలు ఎంత ఉన్నదో పంపు మీది గుర్తు చూచియో, బంకువారి నడిగియో తెలిసికొనవలెను.

ఇక జమాఖర్చు. బండి నెలకు 600 కిలోమీటర్లు తిరుగుననియు, లీటరునకు 15 కిలోమీటర్లు వచ్చుననియు అనుకొందము. నెలకు 40 లీటర్లు. ప్రీమియమునకు లీటరునకు 7 రూపాయలు ఎక్కువ అనుకొన్నచో నెలకు 280, ఏడాదికి 3,360 రూపాయలు. సాధారణ పెట్రోలు ధర 95 రూపాయలని తీసికొన్నచో, ఈ సొమ్ము తిరిగి రావలెనన్న మైలేజి 15 నుండి 16కు పైగా, అనగా నూటికి ఏడు పాళ్లకు మించి పెరుగవలెను. తక్కువ కంప్రెషను గల పాత ఇంజనులో కేవలము ఆక్టేను వలన అట్టి పెరుగుదల రాదు. 100 ఆక్టేను రకము వెల ఇంకను చాల హెచ్చు గనుక దాని లెక్క వేయనే అక్కరలేదు. ఆ 3,360 రూపాయలతో ఇథనాలునకు తగిన గొట్టములు, కొత్త పెట్రోలు ఫిల్టరు, ప్లగ్గులు వేయించి, నిప్పురవ్వ సమయము సరిచూపించుకొనుటకు పెక్కు బండ్లలో చాలును. నెలజీతగాండ్రమైన మనకు ఆ సొమ్ము ఎచ్చట వెచ్చించిన ఫలమిచ్చునో వేరుగ చెప్పనక్కరలేదు.

కాబట్టి నేను చేయు సిఫారసులు ఇవి.

ఒకటి. బండితో వచ్చిన చిన్న పుస్తకమును తీసి చూడుడు. పెట్రోలు మూత లోపలి చీటిని కూడ చూడుడు. అక్కడ ఎంత ఆక్టేను కనీసమని వ్రాసినారో అదియే మీకు శాసనము. 87 అనియో, 91 అనియో ఉన్నచో సాధారణ పెట్రోలు చాలును. 95 తప్పనిసరి అని ఉన్న విదేశపు బండ్లవారు, బంకులో దొరకునది ఆ అంకెదే అగునో కాదో చూచుకొని పోయింపుడు.

రెండు. కటకట వినబడినచో మొదట మెకానిక్కు చేత నిప్పురవ్వ సమయము, ప్లగ్గులు, రేడియేటరు, మిశ్రమము, మసి ఈ వరుసలో చూపింపుడు. అంతవరకు ఇంజనును బాధింపక, మిట్ట యెక్కునప్పుడు పై గేరులో ఈడ్చక, గేరు తగ్గించి నడుపుడు. మరమ్మతు జరుగువరకు కొన్నాళ్లు ఎక్కువ ఆక్టేను పోయించుట తప్పు కాదు. దానిని శాశ్వత ఏర్పాటుగా మాత్రము చేసికొనకుడు.

మూడు. పెట్రోలు పోయించిన వెంటనే చప్పుడు మొదలైనచో కల్తీని శంకింపవచ్చును. ఫిల్టరు కాగితపు పరీక్ష చేయుమని, సాంద్రత చూపుమని, 5 లీటర్ల కొలతతో కొలిచి చూపుమని అడుగు హక్కు కొనుగోలుదారునకు కలదు. మర్యాదగా, కాని గట్టిగా అడుగుడు.

నాలుగు. రబ్బరు గొట్టములను ఆరునెలల కొకసారి వ్రేళ్లతో నొక్కి చూపించుడు. మెత్తబడినను, బీటలున్నను వెంటనే మార్పించుడు. బండిలో పెట్రోలు వాసన వచ్చినచో ఆనాడు దానిని కదపకుడు. ఇంటివారిలో ఎవరికైనను ముందుగా ఆ వాసన తగులును. వారి మాటను త్రోసిపుచ్చకుడు.

అయిదు. ఎల్.టి.సి. మీద స్వగ్రామమునకు నెల దినములు పోవునప్పుడు ట్యాంకును నిండుగా ఉంచి పొండు. ఖాళీ చోటు తగ్గినచో లోన తేమ చేరుట తగ్గును. అంతకు మించి చాల నెలలు ఉంచవలసినచో పెట్రోలును, కార్బొరేటరు గిన్నెను ఖాళీ చేయించుట మేలు.

ఆరు. బదిలీ మీద సిమ్లా వంటి ఎత్తు ప్రదేశమునకు పోయినచో, అక్కడి పలుచని గాలిలో పాత ఇంజనునకు ఆక్టేను ఇంకను తక్కువ చాలును. "కొండ యెక్కుచున్నాము, ప్రీమియము పోయింతము" అను ఆలోచన అచ్చట మరింత అనవసరము.

ఢిల్లీలో నున్న మనకు మరొక విచారము కూడ కలదు. పదిహేనేండ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతమున తిరుగరాదని జాతీయ హరిత న్యాయస్థానము వేసిన ఉత్తరువును 2018లో సుప్రీంకోర్టు బలపరచెను. అట్టి బండ్లకు 2025 జులై 1 నుండి బంకులలో పెట్రోలు పోయరాదను ఆజ్ఞ వచ్చి, కొన్ని దినములలోనే నిలిచిపోయెను. అదే సంవత్సరము ఆగస్టులో న్యాయస్థానము బండ్ల యజమానులపై బలవంతపు చర్యలు వలదని చెప్పినది. ఇట్లు మారుచున్న విషయమున, పాత బండిపై పెద్ద మొత్తము వెచ్చించుటకు ముందు ఆనాటి నిబంధనను సరిచూచుకొనుడు. ఈ ఉత్తరువుల వెనుక నున్న కారణము కూడ మరువరాదు. శీతాకాలమున మన పిల్లలు దగ్గుచు బడికి పోవుచున్నారు. పాత బండి పొగను ప్రీమియము పెట్రోలు కడిగివేయదు. చక్కగా సరిచేసిన ఇంజను కొంత తగ్గించును. ఆఫీసునకు మెట్రోలో పోయి, బండిని అవసరమునకు మాత్రము తీయుట ఇంకను తగ్గించును.

తుదకు ఒక మాట. పాత బండిపై మమకారము సహజము. తండ్రిగారు నడిపిన స్టీరింగును పట్టుకొనినప్పుడు కలుగు భావము లెక్కలకు అందునది కాదు. దానిని తగ్గించి మాటలాడుటకు నేను రాలేదు. ఆ మమకారమును బంకులో అదనపు రూపాయలుగా ఈయక, బానెట్టు ఎత్తి చూచుటలో, గొట్టము మార్చుటలో, సకాలమున మెకానిక్కు యొద్దకు తీసికొనిపోవుటలో చూపుడని మాత్రమే నా మనవి. సాధారణ పెట్రోలు, అసాధారణమైన శ్రద్ధ: పాత బండికి ఈ రెండును చాలును.

 ప్రశ్నలున్నచో కాఫీ వేళ తప్పక అడుగుడు. నాకు తెలియనివి మన సంఘములోని ఇంజనీరు మిత్రులు చెప్పగలరు.